చిన్న ట్రాక్టరు ఇంజనులో అడపాదడపా తలెత్తే శక్తి లోపం: నిర్ధారణ పద్ధతి

వ్యాససంగ్రహం:

ట్రాక్టరు ఇంజనులో ఎప్పుడూ కనిపించే లోపాన్ని పట్టుకోవడం సులభం. కొంతసేపు చక్కగా పనిచేసి, మధ్యలో నీరసించి, కాసేపటికి తనంతట తాను కోలుకునే ఇంజను విషయం వేరు. మెకానిక్ చూసే సమయానికి లక్షణం మాయమవుతుంది. అనుమానం మీద ఒక్కొక్క భాగాన్నీ మారుస్తూ పోవడం, చివరకు అత్యంత ఖరీదైన ఇంజెక్షన్ పంపును విప్పడం తరచుగా జరుగుతుంది. ఇటువంటి లోపానికి మొదటి సాక్ష్యం విడిభాగాల్లో కాక, లోపం కనిపించే సమయంలోనూ కోలుకునే తీరులోనూ ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. యాంత్రిక ఇంజెక్షన్ పంపు గల చిన్న డీజిల్ ట్రాక్టర్లను ఆధారంగా తీసుకొని ఇంధనం, గాలి, విద్యుత్తు, వేడి అనే నాలుగు మార్గాల్లో లోపం ఎలా ప్రవర్తిస్తుందో వివరించి, ఒక పరీక్షా క్రమాన్ని సూచిస్తుంది.

కీలకపదాలు: చిన్న ట్రాక్టరు, డీజిల్ ఇంజను, గవర్నరు, ఇంధన మార్గం, లోప నిర్ధారణ, ట్యాంకు మూత, వ్యవసాయ యంత్రాలు.

1. ప్రవేశిక:

పండ్లతోటల వరుసల మధ్య దున్నడానికి, పత్తి, మిరప సాళ్ళలో అంతరకృషికి, చిన్న కమతాల్లో దమ్ము చేయడానికి 15 నుంచి 30 హార్స్‌పవర్ వరకు ఉండే చిన్న ట్రాక్టర్లు తెలుగు ప్రాంతాల్లో వాడుకలో ఉన్నాయి. ఇవి సాధారణంగా ఒకటి నుంచి మూడు సిలిండర్ల డీజిల్ ఇంజన్లతో నడుస్తాయి. భారతదేశంలో 2023 జనవరి 1 నుంచి అమలైన ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణాలు 50 హార్స్‌పవర్‌కు పైబడిన ట్రాక్టర్లకు వర్తిస్తాయి. అందువల్ల ఈ చిన్న తరగతిలో యాంత్రిక ఇంజెక్షన్ పంపే ఇప్పటికీ ప్రధానంగా కనిపిస్తుంది. లోపాన్ని తెర మీద సంకేతరూపంలో చూపే కంప్యూటరు వీటిలో సాధారణంగా ఉండదు. లోపాన్ని గుర్తించే పని పూర్తిగా మనిషి పరిశీలన మీద, తర్కం మీద ఆధారపడి ఉంటుంది.

ఆలస్యమైతే నష్టం సామాన్యమైనది కాదు. వానపడి పదును దొరికిన రెండు మూడు రోజుల్లో దుక్కి పూర్తికావాలి. ఆ రోజుల్లో ట్రాక్టరు షెడ్డులో ఉంటే అదను దాటిపోతుంది. పైగా, అవసరం లేని పంపు మరమ్మతుకు పెట్టిన ఖర్చు తిరిగిరాదు. పంపు విప్పి బిగించిన తరువాత తెలిసేది ట్యాంకు మూతలోని రంధ్రం పూడుకుపోయిందని అయితే, అది కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే.

వైద్యశాస్త్రంలో చికిత్సకు ముందు రోగనిదానం ఉంటుంది. యంత్రానికీ అదే వర్తిస్తుంది. ఎల్లప్పుడూ ఉండే లోపంలో కారణం ఎప్పుడు వెతికినా దొరుకుతుంది. అడపాదడపా వచ్చే లోపంలో కారణంతో పాటు, ఆ కారణాన్ని మేల్కొలిపే పరిస్థితిని కూడా వెతకాలి. ఆ పరిస్థితి భారం కావచ్చు, వేడి కావచ్చు, నేల వాలు కావచ్చు, ట్యాంకులో డీజిల్ మట్టం కావచ్చు.

2. డీజిల్ ఇంజను శక్తిని నియంత్రించే తీరు:

పెట్రోలు ఇంజనులో గాలి మోతాదును మార్చి శక్తిని నియంత్రిస్తారు. డీజిల్ ఇంజనులో గాలి ప్రవేశానికి అటువంటి అడ్డు ఉండదు. సిలిండరులోకి చిమ్మే డీజిల్ మోతాదు మారితే శక్తి మారుతుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపిన ఇంజను ఇంధనాన్ని చిమ్మడానికి సంపీడిత గాలి మీద ఆధారపడింది. 1927లో రాబర్ట్ బాష్ సంస్థ ఇంజెక్షన్ పంపులను పెద్ద ఎత్తున తయారుచేయడం మొదలుపెట్టిన తరువాతే చిన్న, వేగవంతమైన డీజిల్ ఇంజన్లకు మార్గం సుగమమైంది. ఆ పంపులో ప్లంజరుకు, దాని గొట్టానికి మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లు మాత్రమే. డీజిల్ శుభ్రత మీద ఇంత పట్టుదల ఉండడానికి కారణం ఇదే.

డ్రైవరు చేతిలోని యాక్సిలరేటరు నేరుగా డీజిల్ మోతాదును నిర్ణయించదు. అది కోరుకున్న వేగాన్ని గవర్నరుకు తెలుపుతుంది. నాగలి గట్టి నేలలో దిగి ఇంజను వేగం తగ్గితే, గవర్నరు పంపును మరింత డీజిల్ వైపు జరుపుతుంది. భారం తగ్గితే మోతాదును తగ్గిస్తుంది. ఆవిరి యంత్రానికి జేమ్స్ వాట్ 1788లో అమర్చిన గవర్నరు సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

నిర్ధారణకు ఈ ఏర్పాటు ఒక చిక్కును తెచ్చిపెడుతుంది. ఇంధన మార్గంలో సగం అడ్డు ఉన్నా, తక్కువ భారం మీద గవర్నరు ఆ లోటును కప్పిపుచ్చుతుంది. షెడ్డులో స్టార్టు చేసి యాక్సిలరేటరు పెంచితే ఇంజను హాయిగా గర్జిస్తుంది. పొలంలో పూర్తి భారం పడినప్పుడే లోటు బయటపడుతుంది. కాబట్టి షెడ్డులో బాగానే ఉందనే తీర్పుకు ఈ రకం లోపాల విషయంలో విలువ లేదు.

ఒక లెక్క ఈ సంగతిని స్పష్టం చేస్తుంది. సుమారు 18 హార్స్‌పవర్, అంటే 13 కిలోవాట్ల ఇంజను పూర్తి భారం మీద గంటకు ఒక్కో కిలోవాటుకు 250 గ్రాముల డీజిల్ వాడుతుందనుకుంటే, గంటకు 3.3 కిలోలు, అంటే దాదాపు 4 లీటర్లు ఖర్చవుతుంది. నిమిషానికి ఇది 67 మిల్లీలీటర్లు. అదే ఇంజను సుమారు 1.1 లీటర్ల పరిమాణంతో నిమిషానికి 2600 భ్రమణాల వేగంతో తిరిగితే నిమిషానికి 1200 లీటర్ల గాలిని పీలుస్తుంది. ఒకవైపు టీ గ్లాసెడు డీజిల్, మరొకవైపు ఒక చిన్న నీళ్ళ ట్యాంకు నిండేంత గాలి. ఈ రెండింటిలో ఏది తగ్గినా శక్తి తగ్గుతుంది. అయితే రెండు లోట్లూ ఒకేలా కనిపించవు.

3. లోపం ఇంజనుదేనా?

ట్రాక్టరు లాగడం లేదన్న ఫిర్యాదు వెనుక ఇంజను బలహీనతే ఉండాలని లేదు. మొదట ఇంజను వేగాన్ని గమనించాలి. ట్రాక్టరు నెమ్మదించినా ఇంజను వేగం తగ్గకపోతే, లేదా పెరిగితే, శక్తి ఇంజనులో పుడుతూనే ఉంది కానీ చక్రాలకు చేరడం లేదు. క్లచ్ జారుతోందని అప్పుడు అనుమానించాలి. క్లచ్ పలక వేడెక్కినప్పుడు జారి, చల్లబడ్డాక పట్టుకోవడం వల్ల ఇది కూడా అడపాదడపా లోపంగానే కనిపిస్తుంది.

ఇంజను వేగం పడిపోతుంటే భారం పెరిగిందేమో చూడాలి. పూర్తిగా విడవని బ్రేకు, అరిగిన రోటవేటరు కత్తులు, చేనులో ఒకచోట మాత్రమే ఉన్న జిగట నేల, అవసరానికి మించిన లోతు, తప్పు గేరు ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న ఇంజనును కూడా కుంగదీస్తాయి. అదే చోట, అదే పనిముట్టుతో, అదే గేరులో ఇంతకుముందు లాగిన ట్రాక్టరు ఇప్పుడు లాగకపోతేనే ఇంజను వైపు చూడడం సమంజసం.

4. రైతు మాట, పొగ, శబ్దం:

లోపాన్ని ప్రత్యక్షంగా చూసిన సాక్షి డ్రైవరు. మెకానిక్ చూసే వేళకు లక్షణం ఉండదు కాబట్టి డ్రైవరు మాటే మొదటి దత్తాంశం. 'లాగడం లేదు', తెలంగాణలో 'గుంజుతలేదు', 'ముక్కుతోంది', 'గాలి పట్టింది', 'టక్కున ఆగిపోతోంది' వంటి మాటల వెనుక వేర్వేరు అనుభవాలు ఉండవచ్చు. 'గాలి పట్టింది' అనేది లక్షణం కాదు, అప్పటికే చేసిన నిర్ధారణ. అటువంటి మాట వినగానే, దానికి ముందు ఏం కనిపించిందో అడిగి తెలుసుకోవాలి. ఇంజను క్రమంగా నీరసించిందా, ఒక్కసారిగా ఆగిందా, వేగం పెరుగుతూ తరుగుతూ ఊగిందా అన్నది స్పష్టం కావాలి.

పొగ రెండవ సాక్షి. నీరసించే సమయంలో సైలెన్సరు నుంచి నల్లపొగ వస్తుంటే, చిమ్మిన డీజిల్‌కు సరిపడా గాలి అందడం లేదు, లేదా భారం మితిమీరింది. నీరసిస్తున్నా పొగ పలచబడితే, అసలు డీజిలే అందడం లేదు. తెల్లపొగ కాలని డీజిల్‌ను గాని సిలిండరులోకి చేరిన నీటిని గాని సూచిస్తుంది. నీలిపొగ ఇంజను ఆయిల్ మండుతోందని చెబుతుంది. ఈ ఒక్క పరిశీలనతో వెతకవలసిన క్షేత్రం సగానికి తగ్గుతుంది. పొగ పలచబడుతూ నీరసించే ఇంజనులో ఎయిర్ క్లీనరు మార్చడం వృథా. నల్లపొగతో నీరసించే ఇంజనులో డీజిల్ ఫిల్టరు మార్చడం కూడా అంతే.

5. కాలక్రమం చెప్పే సంగతులు:

లోపం ఎంతసేపటికి వస్తోంది, ఏం చేస్తే పోతోంది, ఎంతసేపటికి పోతోంది అనే మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసుకోవాలి. వాటితో పాటు ట్యాంకులో డీజిల్ ఎంత ఉంది, నేల వాలు ఎటు ఉంది, భారం ఎంత అన్నవి కూడా నమోదు చేయాలి. మూడు నాలుగు సార్లు నమోదు చేస్తే ఒక క్రమం బయటపడుతుంది. సాధారణంగా కనిపించే క్రమాలు ఇవి:

అ) క్షణంలో ఆగి, క్షణంలో కోలుకోవడం, ముఖ్యంగా కుదుపుల్లో: విద్యుత్ మార్గంలో వదులు.

ఆ) నిమిషాల్లో నీరసించి, ట్యాంకు మూత వదులు చేయగానే కోలుకోవడం: మూతలోని గాలి రంధ్రం.

ఇ) నిమిషాల్లో నీరసించి, ఆపి కాసేపు ఉంచితే కోలుకోవడం: ట్యాంకు అడుగున తేలియాడే చెత్త.

ఈ) భారం పడినప్పుడల్లా నీరసించి, భారం తీయగానే కోలుకోవడం, రోజురోజుకూ ముదరడం: పూడుకుపోతున్న డీజిల్ ఫిల్టరు, లేదా నల్లపొగ కూడా ఉంటే ఎయిర్ క్లీనరు.

ఉ) వాలులో లేదా మలుపులో మాత్రమే రావడం: డీజిల్ మట్టం, గొట్టంలోకి గాలి చేరడం, ఒరుసుకునే వైరు.

ఊ) గంటకు పైగా పనిచేసి బాగా వేడెక్కాక వచ్చి, చల్లబడితేనే పోవడం: వేడితో ముడిపడిన లోపం.

ఈ పట్టిక తుది తీర్పు కాదు. ఏ పరీక్ష ముందు చేయాలో చెప్పే మార్గదర్శి మాత్రమే.

6. ఇంధన మార్గం:

ట్యాంకు నుంచి డీజిల్ ట్యాపు, గాజు కప్పు, ఫీడ్ పంపు, ఫిల్టరు దాటి ఇంజెక్షన్ పంపుకు, అక్కడి నుంచి నోజిళ్ళకు చేరుతుంది. మిగిలినది రిటర్న్ గొట్టం ద్వారా వెనక్కు వస్తుంది. అడపాదడపా లోపాలకు ఈ మార్గంలో ఖరీదైన చివరి భాగం కన్నా చౌకైన మొదటి భాగమే ఎక్కువ అవకాశం ఇస్తుంది.

6.1. ట్యాంకు మూత:

డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి ప్రవేశించాలి. అందుకోసం మూతలో సన్నని రంధ్రం ఉంటుంది. దుమ్ము, డీజిల్ జిడ్డు కలిసి దాన్ని పూడ్చివేస్తే లోపల పీడనం తగ్గుతుంది. రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించిన వాయు నియమంతో దీన్ని లెక్కించవచ్చు. ట్యాంకు ఫిల్టరు కన్నా అరమీటరు ఎత్తున ఉంటే డీజిల్‌ను కిందికి నెట్టే పీడనం సుమారు 4 కిలోపాస్కల్స్. ఇది వాతావరణ పీడనంలో దాదాపు 4 శాతం. ట్యాంకు నిండుగా ఉండి, పైన ఒక్క లీటరు గాలి మాత్రమే ఉంటే, 42 మిల్లీలీటర్ల డీజిల్ బయటకు పోగానే ఆ నెట్టే పీడనం రద్దవుతుంది. పూర్తి భారం మీద దీనికి 40 సెకన్లు కూడా పట్టదు. అదే ట్యాంకులో 10 లీటర్ల గాలి ఉంటే 420 మిల్లీలీటర్లు పోవాలి. అందుకు 6 నిమిషాలకు పైగా పడుతుంది.

ఫీడ్ పంపు లాగే శక్తి అదనంగా ఉండడం వల్ల, రంధ్రం పూర్తిగా మూసుకుపోకపోవడం వల్ల వాస్తవంలో ఈ సమయాలు ఎక్కువగా ఉంటాయి. అయితే వాటి మధ్య సంబంధం మారదు. నిండు ట్యాంకుతో లోపం త్వరగా వస్తుంది, సగం ట్యాంకుతో ఆలస్యంగా వస్తుంది. ఉదయం డీజిల్ పోసుకొని వెళ్ళగానే ఇబ్బందిపెట్టిన ట్రాక్టరు మధ్యాహ్నం బాగా నడవడానికి కారణం ఇదే కావచ్చు. చెత్త, గాలి చేరడం వంటి లోపాలు ఇందుకు భిన్నంగా, మట్టం తగ్గిన కొద్దీ ఎక్కువవుతాయి. ఈ వ్యత్యాసం ఖర్చులేని పరీక్ష. నీరసించిన క్షణంలో మూత వదులు చేస్తే లోపలికి గాలి దూరిన శబ్దం వినిపించి, ఇంజను కోలుకుంటే కారణం తేలినట్లే. మూత లేకుండా పొలంలో నడపడం మాత్రం పరిష్కారం కాదు. దుమ్ము, నీరు చేరి మరో లోపానికి దారితీస్తాయి.

6.2. ట్యాంకులోని చెత్త:

డబ్బాల్లో తెచ్చిన డీజిల్‌తో పాటు ఆకు ముక్క, పాలిథిన్ పేలిక, తుప్పు పొర వంటివి ట్యాంకులో పడతాయి. డీజిల్ వేగంగా ప్రవహించినప్పుడు అవి అడుగు రంధ్రం వైపు లాగబడి అక్కడ అతుక్కుంటాయి. ఇంజను ఆగితే ప్రవాహం ఆగి, చెత్త విడిపోయి తేలిపోతుంది. అందుకే కాసేపు ఆపి స్టార్టు చేస్తే అంతా సరిగా ఉన్నట్లు కనిపిస్తుంది.

దీన్ని పట్టుకోవడానికి ప్రవాహ పరీక్ష ఉంది. ఇంజను ఆపి, ఫిల్టరుకు వచ్చే గొట్టాన్ని విప్పి, కొలత గీతలున్న సీసాలోకి డీజిల్‌ను వదలాలి. ట్యాంకు ఎత్తు నుంచి తనంతట ప్రవహించే ట్రాక్టర్లలో ఇది సులభం. మిగతా వాటిలో ఫీడ్ పంపును పనిచేయించి కొలవాలి. పై లెక్క ప్రకారం 5 నిమిషాల్లో ఇంజను వాడే డీజిల్ 335 మిల్లీలీటర్లు. ఆరోగ్యకరమైన మార్గం దీనికి అనేక రెట్లు ఇవ్వాలి. ప్రవాహం మొదట బాగుండి క్రమంగా సన్నబడుతుందా అన్నది ముఖ్యం. అర నిమిషం చూసి బాగుందని వదిలేస్తే చెత్తకు చేరుకునే సమయం ఇవ్వనట్లే.

6.3. నీరు, ఫిల్టరు:

సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీరుగా మారి అడుగుకు చేరుతుంది. నీటికి, డీజిల్‌కు మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి జిగట పదార్థం ఏర్పడుతుంది. అది ఫిల్టరు కాగితాన్ని పూడ్చివేస్తుంది. సాయంత్రం పని ముగియగానే ట్యాంకు నింపడం, గాజు కప్పులోని నీటిని ఎప్పటికప్పుడు తీయడం దీనికి నివారణ. ఫిల్టరును మార్చినప్పుడు పాతదాన్ని పారేయకుండా కోసి చూడాలి. నల్లని జిగట, తుప్పు, నీటి బిందువులు దేని గుర్తులో తెలిస్తే, లోపం ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ట్యాంకును శుభ్రం చేయకుండా ఫిల్టరు మాత్రమే మారిస్తే కొత్తది కూడా త్వరలోనే పూడుకుపోతుంది.

6.4. గాలి చేరడం:

ఫీడ్ పంపుకు ముందున్న గొట్టాల్లో పీడనం బయటి గాలి కన్నా తక్కువగా ఉండవచ్చు. అక్కడ పగులు ఉంటే డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి చేరుతుంది. తడి మరక కనిపించకపోవడం వల్ల ఈ లోపం కంటికి దొరకదు. నోజిల్ తెరుచుకోవడానికి సుమారు 120 నుంచి 200 బార్‌ల పీడనం కావాలి. ద్రవం నలగదు కాబట్టి ఆ పీడనం వస్తుంది. గాలి బుడగ నలిగిపోతుంది కాబట్టి ప్లంజరు శ్రమ బుడగను నొక్కడంతోనే సరిపోతుంది. ఇంజను తడబడుతుంది, వేగం ఊగుతుంది.

ఫిల్టరుకు ముందు అడుగు పొడవు పారదర్శక గొట్టాన్ని తాత్కాలికంగా అమర్చి పొలంలో నడిపితే బుడగలు కంటికి కనిపిస్తాయి. బుడగలు కనిపిస్తే, ఒక్కొక్క కీలునూ వెనక్కు వెతుక్కుంటూ పోవాలి. ఎండిన రబ్బరు గొట్టం, పాత రాగి వాషర్లు, గాజు కప్పు రబ్బరు రింగు సాధారణంగా బయటపడే నేరస్థులు. గాలి తీసి వదిలేయడం తాత్కాలిక ఉపశమనమే.

7. గాలి, పొగ మార్గాలు:

నల్లపొగ కనిపించినప్పుడు ఎయిర్ క్లీనరును చూడాలి. ఆయిల్ బాత్ రకంలో గీతకు మించి ఆయిల్ పోసినా గాలికి అడ్డు పెరుగుతుంది. కాగితపు రకంలో దుమ్ము పేరుకుంటుంది. ఇవి నిరంతర లోపాలు. అడపాదడపా లోపానికి ఎక్కువగా దారితీసేది క్లీనరు నుంచి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టం. దాని లోపలి పొర ఊడి, పూర్తి వేగంలో గాలి లాగుడుకు ముడుచుకొని, వేగం తగ్గగానే తిరిగి తెరుచుకుంటుంది. ఆగిన ఇంజనులో ఆ గొట్టం చెక్కుచెదరనట్లే ఉంటుంది. వేడెక్కిన ఇంజను పూర్తి వేగంలో ఉన్నప్పుడు చూస్తేనే ముడత కనిపిస్తుంది.

చాలాకాలం నిలిపిన ట్రాక్టరు సైలెన్సరులో పురుగుల గూళ్ళు, మసి గడ్డలు కూడా గాలి మార్గాన్ని అడ్డుకుంటాయి. మసి గడ్డ కదులుతూ ఉంటే లోపం కూడా వచ్చి పోతూ ఉంటుంది.

8. విద్యుత్ మార్గం:

డీజిల్ ఇంజనుకు స్పార్కు అవసరం లేదు కాబట్టి విద్యుత్తుతో పనిలేదని అనుకోవడం పొరపాటు. చాలా చిన్న ట్రాక్టర్లలో తాళం తిప్పగానే డీజిల్‌ను వదిలే సోలనాయిడ్ ఉంటుంది. కొన్నింటిలో అది పనిచేస్తున్నంతసేపూ విద్యుత్తు అందాలి. మరికొన్నింటిలో ఇంజనును ఆపడానికి మాత్రమే అందాలి. మొదటి రకంలో వైరు వదులైతే డీజిల్ క్షణంలో ఆగుతుంది. సీటు కింది స్విచ్చు, పి.టి.ఓ. స్విచ్చు వంటి రక్షణ స్విచ్చులు ఆ వలయంలో ఉంటే, వాటిలో ఏది వదులైనా ఫలితం ఒకటే. ఫీడ్ పంపు విద్యుత్తుతో నడిచేదైతే దాని వైరు కూడా ఈ జాబితాలో చేరుతుంది.

ఇక్కడ వేరుచేసే గుర్తు శబ్దం. ఇంధన మార్గంలో అడ్డు ఉంటే ఇంజను నీరసిస్తూ, తడబడుతూ ఆగుతుంది. విద్యుత్తు తెగితే తాళం తీసినట్లు నిశ్శబ్దంగా ఆగుతుంది. పరీక్ష కోసం సోలనాయిడ్ వైరుకు చిన్న 12 వోల్టుల దీపాన్ని సమాంతరంగా కలిపి డ్రైవరుకు కనిపించే చోట ఉంచవచ్చు. ఇంజను తడబడిన క్షణంలో దీపం కూడా ఆరితే విద్యుత్ మార్గం దోషి. దీపం స్థిరంగా వెలుగుతుంటే ఆ వైరు వరకు అనుమానం తొలగినట్లే. రక్షణ స్విచ్చును శాశ్వతంగా తప్పించి వైరు కలపడం ప్రాణాంతకం. డ్రైవరు సీటు నుంచి జారినప్పుడు యంత్రాన్ని ఆపేది ఆ స్విచ్చే.

9. వేడితో ముడిపడిన లోపాలు:

రేడియేటరు జల్లెడ మీద పొట్టు, గడ్డి దుమ్ము పేరుకుంటే ఇంజను వేడెక్కి శక్తి తగ్గుతుంది. ఉష్ణోగ్రత సూచికను చూడకుండా పంపు వైపు పోకూడదు. సూచిక సాధారణంగా ఉండి, వేడి మీద మాత్రమే నీరసం వస్తే రెండు అనుమానాలు మిగులుతాయి. మొదటిది అరిగిన ఇంజెక్షన్ పంపు. వేడికి డీజిల్ పలచబడి, అరిగిన ప్లంజరు పక్కనుంచి జారిపోతుంది. ఇటువంటి ఇంజను చల్లగా ఉన్నప్పుడు సులువుగా, వేడిగా ఉన్నప్పుడు కష్టంగా స్టార్టవుతుంది. ఆపిన ఇంజనులో పంపు మీద తడిగుడ్డ కప్పి కాసేపు చల్లబరిస్తే స్టార్టు కావడం ఈ అనుమానాన్ని బలపరుస్తుంది. నడుస్తున్న పంపు మీద చన్నీళ్ళు పోస్తే అది పట్టేసే ప్రమాదం ఉంది. రెండవది ఖాళీ తగ్గిన వాల్వులు. లోహం వ్యాకోచించాక అవి పూర్తిగా మూసుకోక సంపీడనం తగ్గుతుంది. తయారీదారు సూచించిన ఖాళీని కొలిచి సరిచేయడం పంపు విప్పడం కన్నా తేలిక.

10. భ్రమ పరిష్కారాలు, పరీక్షా క్రమం:

అడపాదడపా లోపంలో పెద్ద ప్రమాదం భ్రమ పరిష్కారం. మెకానిక్ డీజిల్ ఫిల్టరు మార్చాడనుకుంటే, ఆ పనిలో ఇంజను అరగంట ఆగింది, చల్లబడింది. మూత తీశారు, గాలి తీశారు, వైర్లు కదిలాయి. వీటిలో ఏ ఒక్కటైనా లక్షణాన్ని తాత్కాలికంగా పోగొట్టగలదు. కానీ ఖ్యాతి కొత్త ఫిల్టరుకు దక్కుతుంది. మరునాడు లోపం తిరిగి వస్తే, ఫిల్టరు కాదు కాబట్టి పంపే కారణమని తీర్మానిస్తారు. పరిశోధనలో నియంత్రణ లేని ప్రయోగం ఎటువంటి తప్పుడు నిర్ణయానికి దారితీస్తుందో ఇక్కడా అదే జరుగుతుంది. మరమ్మతుకు ముందు లోపాన్ని రప్పించిన పరిస్థితినే మరమ్మతు తరువాత కూడా కల్పించి, అంతే సేపు నడిపి చూడాలి. ఒక్కసారి ఒక్క మార్పే చేయాలి.

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు సాగే క్రమం ఇలా ఉంటుంది:

1) సమయం, డీజిల్ మట్టం, వాలు, భారం, పొగ నమోదు చేయడం.

2) క్లచ్, బ్రేకు, పనిముట్టు, ఉష్ణోగ్రత సూచిక చూడడం.

3) లోపం వచ్చిన క్షణంలో ట్యాంకు మూత వదులు చేయడం.

4) సోలనాయిడ్‌కు దీపం కలిపి నడపడం.

5) పారదర్శక గొట్టం అమర్చి బుడగలు చూడడం.

6) ప్రవాహ పరీక్ష చేయడం.

7) ప్రత్యామ్నాయ డబ్బాతో నడపడం.

8) వాల్వుల ఖాళీ, నోజిళ్ళు, చివరగా ఇంజెక్షన్ పంపు పరీక్షించడం.

ఏడవ పరీక్షకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. శుభ్రమైన డీజిల్ ఉన్న చిన్న డబ్బాను ఎత్తులో, సైలెన్సరుకు దూరంగా, కదలకుండా కట్టి, దాని గొట్టాన్ని నేరుగా ఫీడ్ పంపుకు కలపాలి. రిటర్న్ గొట్టాన్ని కూడా అదే డబ్బాలో పెట్టాలి. ఇప్పుడు అదే పొలంలో, అదే భారంతో లోపం రాకపోతే ట్యాంకు, మూత, ట్యాపు, మొదటి గొట్టం వీటిలోనే కారణం ఉంది. లోపం వస్తే ఆ భాగాలన్నీ ఒక్కసారిగా నిర్దోషులవుతాయి. మార్గాన్ని మధ్యలో రెండుగా విభజించి సగాన్ని తొలగించే ఈ పద్ధతి భాగాలను ఒక్కొక్కటిగా మార్చడం కన్నా వేగవంతమైనది.

ఈ పరీక్షల్లో జాగ్రత్త తప్పనిసరి. నడుస్తున్న ఇంజనులో నోజిల్ గొట్టాల దగ్గర కారుడును చేతితో తడిమి చూడకూడదు. అధిక పీడనంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా అది శస్త్రచికిత్స అవసరమయ్యే అత్యవసర స్థితి. తిరిగే పి.టి.ఓ. షాఫ్టుకు దూరంగా ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపకూడదు.

11. ముగింపు:

- అడపాదడపా శక్తి లోపంలో విరిగిన భాగం కన్నా ముందు, లోపాన్ని రప్పించే పరిస్థితిని వెతకాలి.

- గవర్నరు చిన్న లోట్లను కప్పిపుచ్చుతుంది కాబట్టి పరీక్ష పొలంలో, పూర్తి భారం మీద జరగాలి.

- పొగ రంగు ఇంధన లోటునూ గాలి లోటునూ వేరుచేస్తుంది. ఆగే తీరు ఇంధన లోపాన్నీ విద్యుత్ లోపాన్నీ వేరుచేస్తుంది. ట్యాంకు మట్టం మూత లోపాన్నీ చెత్త లోపాన్నీ వేరుచేస్తుంది.

- ఆపడం, చల్లబరచడం, మూత తీయడం వంటివి తాత్కాలికంగా లక్షణాన్ని పోగొడతాయి. అదే పరిస్థితిలో మళ్ళీ నడిపి చూడనిదే మరమ్మతు ఫలించిందని చెప్పలేము.

- ఇంజెక్షన్ పంపు చివరి అనుమానితుడిగా ఉండాలి.

డ్రైవరు జేబులో ఒక చిన్న పుస్తకం, పెన్సిలు ఉంటే ఈ పద్ధతిలో సగం పని పొలంలోనే పూర్తవుతుంది. 'పొద్దున్నే, ట్యాంకు నిండా ఉన్నప్పుడు, పావుగంటకు, పొగ లేకుండా నీరసించింది. మూత తీస్తే కోలుకుంది' అని రాసి ఉన్న కాగితం మెకానిక్ చేతికి అందితే, పంపు విప్పే అవసరం రాదు. దుక్కి అదను కూడా దాటిపోదు.